ఇన్‌రష్ కరెంటు కొలవడానికి ఏ ప్రోబ్? ఒకే లైటుకి మూడు అంకెలు ఎందుకొస్తాయి

బెంగళూరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో తరచూ వినిపించే గొడవ ఒకటుంది. బేస్‌మెంట్‌లో పాత ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్ఈడీ ప్యానెళ్లు పెడతారు. బిల్లు తగ్గుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత బెస్కాం కరెంటు పోయి జనరేటర్‌కి మారినప్పుడు, మళ్లీ మెయిన్స్‌కి వచ్చినప్పుడు లైటింగ్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే బ్రేకర్) పడిపోవడం మొదలవుతుంది. రోజూ స్విచ్ వేసి ఆన్ చేస్తే మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.

ఇలాంటి కేసు ఒకటి ఊహించుకుందాం. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ తెచ్చి, ఇన్‌రష్ బటన్ నొక్కి, ఒక లైటుని ఆన్ చేసి చూపిస్తాడు: "రెండు ఆంప్సే సార్. లైట్ల తప్పేం లేదు, ఎంసీబీనే వీక్." అదే బిల్డింగ్‌లో ఉండే టెస్ట్ ఇంజనీరు ఒకాయన ఆఫీసు నుంచి ఆసిలోస్కోప్ (స్కోప్), తీగలో కరెంటుని దానికి చూపించే హాల్ ప్రోబ్ తెచ్చి కొలిస్తే 50 ఆంపియర్లు వస్తాయి. లైటు డ్రైవర్ డేటాషీట్ తెరిస్తే అందులో 60 అని ఉంటుంది.

రెండు, యాభై, అరవై. ఈ మూడింట్లో ఏదీ అబద్ధం కాదు. ఎవరు దేన్ని కొలిచారు, దేంతో కొలిచారు అన్నది తెలిస్తే మూడూ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

ఆన్ చేసిన క్షణంలో ఏం జరుగుతుంది

ఇన్‌రష్ అంటే పరికరం ఆన్ అయిన మొదట్లో, మామూలుగా నడిచేటప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా లాగే కరెంటు. పేరు ఒకటే అయినా దీని వెనక కారణాలు వేరు, ఆకారాలు వేరు. ప్రోబ్ ఎంపికలో వచ్చే తికమకలో సగం ఇక్కడే పుడుతుంది.

ఎల్ఈడీ డ్రైవర్, ల్యాప్‌టాప్ చార్జర్, టీవీ, సర్వర్ లాంటి వాటిల్లో ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) ఉంటుంది. దాని ముందు భాగంలో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్, వెనకే పెద్ద కెపాసిటర్. ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్ట్ సర్క్యూట్‌లాగే ప్రవర్తిస్తుంది. మన 230 వోల్టుల సప్లై పీక్ 325 వోల్టులు. సరిగ్గా ఆ పీక్ దగ్గర స్విచ్ పడితే, కరెంటుని ఆపేది దారిలో ఉన్న రెసిస్టెన్స్ మాత్రమే. డ్రైవర్ లోపల, ఎన్‌టీసీ థర్మిస్టర్‌తో (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే భాగం) కలిపి 5 ఓమ్‌లు, బయట లైనులో 0.4 ఓమ్ ఉన్నాయనుకుంటే, 325ని 5.4తో భాగిస్తే 60 ఆంపియర్లు. కెపాసిటర్ 33 మైక్రోఫారడ్లయితే ఈ పోటు సుమారు 200 మైక్రోసెకన్లలో చాలావరకు తగ్గిపోతుంది. అంటే సెకనులో ఐదు వేలో వంతు.

ట్రాన్స్‌ఫార్మర్ కథ పూర్తిగా వేరు. బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో సీఎన్‌సీ మెషిన్ ముందు పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. దాన్ని ఆపిన క్షణంలో కోర్‌లో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు వోల్టేజ్ సున్నా దగ్గర ఉండి, మిగిలిన ఫ్లక్స్ కూడా అదే దిశలో ఉంటే, కోర్ భరించగలిగే ఫ్లక్స్ దాటిపోతుంది. దాన్నే సాచురేట్ అవడం అంటారు. అప్పుడు ప్రైమరీ వైండింగ్ దాదాపు వట్టి తీగ అయిపోతుంది. రేటెడ్ కరెంటుకి పది రెట్లో అంతకన్నా ఎక్కువో లాగుతుంది. టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఇది ఇంకా తీవ్రం. ఈ కరెంటు ఒకవైపుకే వస్తుంది: పాజిటివ్‌లో పెద్ద గుట్ట, నెగెటివ్‌లో దాదాపు ఏమీ ఉండదు, తర్వాతి సైకిల్‌లో మళ్లీ పాజిటివ్‌లో కాస్త చిన్న గుట్ట. ఇలా ఎన్నో సైకిళ్లు సాగుతుంది. ఒకవైపే ఉండడమంటే అందులో డీసీ భాగం ఉన్నట్టు. ఇది గుర్తుంచుకోండి, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ) క్లాంపుల దగ్గర పనికొస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. కెపాసిటర్‌కి వోల్టేజ్ పీక్ దగ్గర ఆన్ చేయడం ప్రమాదం, సున్నా దగ్గర సుఖం. ట్రాన్స్‌ఫార్మర్‌కి సరిగ్గా తలకిందులు. వోల్టేజ్ సున్నా దగ్గరే ఆన్ చేసే జీరో క్రాసింగ్ రిలే పెడితే ఇన్‌రష్ పోతుందని అందరికీ ఒకే మందు రాసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

మోటారులో రోటార్ కదలనంతసేపు కరెంటుని అడ్డుకునే ఎదురు వోల్టేజ్ (బ్యాక్ ఈఎంఎఫ్) ఉండదు. డైరెక్ట్‌గా స్టార్ట్ చేస్తే ఫుల్ లోడ్ కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది, స్పీడు అందుకునేదాకా లాగుతూనే ఉంటుంది. ఇది మైక్రోసెకన్ల వ్యవహారం కాదు, బోర్‌వెల్ మోటారుకి సెకను దాకా, బరువున్న ఫ్యాన్లకి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఇక పాత ఫిలమెంట్ బల్బు: చల్లటి టంగ్‌స్టన్ రెసిస్టెన్స్ వేడెక్కినప్పటి దాంట్లో పది పదిహేనో వంతు కాబట్టి మొదటి క్షణం అన్ని రెట్లు లాగుతుంది.

క్లాంప్ మీటర్ ఇన్‌రష్ బటన్ నిజంగా చూపేది ఏమిటి

ఎలక్ట్రీషియన్ మీటరుకి వద్దాం. ఫ్లూక్ 376 లాంటి క్లాంప్ మీటర్లలో ఇన్‌రష్ మోడ్ 100 మిల్లీసెకన్ల పాటు కరెంటుని తీసుకుని, ఆ మొత్తం వ్యవధికి ఆర్ఎంఎస్ విలువ (వర్గాల సగటుకి వర్గమూలం) కట్టి ఒక్క అంకె చూపిస్తుంది. 50 హెర్ట్జ్ సప్లైలో 100 మిల్లీసెకన్లంటే ఐదు సైకిళ్లు.

మన ఎల్ఈడీ లైటు పోటు 50 ఆంపియర్లు, 200 మైక్రోసెకన్లు. లెక్క సులువుగా ఉండడానికి చదరంగా ఉన్న పల్స్ అనుకుందాం. 100 మిల్లీసెకన్లలో 200 మైక్రోసెకన్లంటే 0.002 వంతు. దాని వర్గమూలం 0.045. యాభైని దాంతో గుణిస్తే 2.2 ఆంపియర్లు. మీటరు లోపలి ఫిల్టరు ఇంత సన్నటి పోటుని ఇంకొంచెం కోసేస్తుంది కూడా. పది నిమిషాల కుండపోతని రోజు మొత్తం సగటు వానగా చెప్పినట్టు: లెక్క తప్పు కాదు, కానీ అండర్‌పాస్ ఎందుకు మునిగిందో దాన్నిబట్టి తెలియదు.

అయితే ఆ బటన్ పనికిరానిదని తోసేయడం అన్యాయం. అది తయారైందే మోటార్ల కోసం. 10 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఫుల్ లోడ్ కరెంటు సుమారు 14 ఆంపియర్లు, స్టార్టింగ్‌లో 90 దాకా పోతుంది. అది ఐదు సైకిళ్లకన్నా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి మీటరు చెప్పే అంకె నమ్మదగినదే. ఓవర్‌లోడ్ రిలే సెట్ చేయడానికి, స్టార్టర్ ఎంచుకోవడానికి కావలసింది కూడా ఆర్ఎంఎస్సే. "నేను ఇరవై ఏళ్ల నుంచి ఈ మీటరుతోనే చూస్తున్నా" అనే ఎలక్ట్రీషియన్ మాట మోటారు విషయంలో పూర్తిగా నిజం. ఎలక్ట్రానిక్ లోడ్ దగ్గరే ఆ అనుభవం దారి తప్పిస్తుంది.

సీటీ క్లాంపు: ఏసీకి హాయి, ఒకవైపు కరెంటుకి కష్టం

స్కోప్‌కి తగిలించే ప్రోబుల్లో చవకైనది, బ్యాటరీ అక్కర్లేనిది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ రకం. ప్రైమరీ మన తీగ, సెకండరీ క్లాంపు లోపలి చుట్టలు. ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి దానికి డీసీ కనిపించదు. అంతవరకు అందరికీ తెలుసు. దాని వల్ల వచ్చే రెండు ఇబ్బందులు మాత్రం అంత బాగా తెలియవు.

మొదటిది డ్రూప్. కరెంటు ఒకే విలువ దగ్గర నిలబడి ఉన్నా సీటీ అవుట్‌పుట్ మెల్లగా సున్నా వైపు జారుతుంది. ఎంత వేగంగా జారుతుందో డేటాషీట్‌లోని కింది ఫ్రీక్వెన్సీ హద్దు చెబుతుంది. ఆ హద్దు 5 హెర్ట్జ్ అయితే టైమ్ కాన్‌స్టెంట్ సుమారు 32 మిల్లీసెకన్లు. అలాంటి సీటీతో 10 మిల్లీసెకన్ల చదరపు పల్స్ కొలిస్తే, చివరికి వచ్చేసరికి అసలు విలువలో 27 శాతం మాయమవుతుంది. హద్దు 1 హెర్ట్జ్ అయితే పోయేది 6 శాతమే. పీక్ మొదట్లోనే ఉంటే అది సరిగానే వస్తుంది, తోక తప్పుతుంది. ఫ్యూజు కోసం ఐ స్క్వేర్ టీ (కరెంటు వర్గం గుణించు సమయం) లెక్క కట్టేవాళ్లకి ఆ తోకే ముఖ్యం.

రెండోది సాచురేషన్. సీటీ కోర్ ఎంత మోయగలదో ఆంపియర్‌లతో మాత్రమే చెప్పలేం. ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు అని రెండూ గుణించి చూడాలి. దీన్ని ఆంపియర్-సెకన్ల హద్దు అంటారు. మంచి డేటాషీట్లలో ఉంటుంది. చాలామంది ఆ వరసని చదవకుండా దాటేస్తారు.

కెపాసిటర్ ఇన్‌రష్ విషయంలో ఈ అంకెని కొలవకముందే లెక్క కట్టొచ్చు. ఆంపియర్-సెకనంటే చార్జే కదా. కెపాసిటర్ నిండడానికి ఎంత చార్జ్ కావాలో అంతే ప్రోబ్ గుండా పోతుంది. 33 మైక్రోఫారడ్లని 325 వోల్టులతో గుణిస్తే 0.011 ఆంపియర్-సెకన్లు. పీక్ 50 అయినా, 60 అయినా, ఎన్‌టీసీ ఉన్నా లేకపోయినా ఈ మొత్తం మారదు. ఇప్పుడు 5 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. రేటెడ్ కరెంటు 22 ఆంపియర్లు, ఇన్‌రష్ పీక్ 200, ఒక్కో గుట్ట వెడల్పు 6 మిల్లీసెకన్లు, ఆకారం అర సైన్ అనుకుంటే 0.76 ఆంపియర్-సెకన్లు. లైటుకి సుమారు డెబ్బై రెట్లు! పైగా గుట్టలన్నీ ఒకవైపే కాబట్టి సీటీ కోర్‌లో ఫ్లక్స్ పేరుకుపోతూ ఉంటుంది. రెండో మూడో గుట్టకి కోర్ చేతులెత్తేస్తే స్కోప్ మీద పల్స్ మధ్యలో తెగిపోయి, ఉన్నట్టుండి సున్నాకి పడిపోయినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లు ఇన్‌రష్ తగ్గిపోయిందనుకుంటారు. తగ్గింది ప్రోబ్ చూపు.

కాబట్టి అదే సీటీ 50 ఆంపియర్ల ఎల్ఈడీ పోటుని చక్కగా పట్టి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బోల్తా పడొచ్చు.

హాల్ ప్రోబ్, దాని ఖరీదైన బంధువు

1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం మీద పనిచేసే ప్రోబ్‌కి ఏసీ, డీసీ రెండూ కనిపిస్తాయి. తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చిన్న సెమీకండక్టర్ ముక్క నేరుగా కొలుస్తుంది. డ్రూప్ ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ గుట్టలు ఒకవైపే ఉన్నా సమస్య లేదు. టెక్ట్రానిక్స్ ఏ622 ఈ రకానికి చాలా ల్యాబుల్లో కనిపించే ఉదాహరణ: డీసీ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా, 100 ఆంపియర్ల పీక్ దాకా, ఆంపియర్‌కి 10 లేదా 100 మిల్లీవోల్టులు ఇస్తుంది.

లోపాలున్నాయి. బ్యాటరీ కావాలి, అది నీరసించిందంటే అంకెలు కూడా నమ్మకం తప్పుతాయి. వేడికి సున్నా జరుగుతుంది, కాబట్టి ప్రతి కొలతకి ముందు జీరో చేయాలి. పెద్ద పోటు తగిలాక కోర్‌లో కాస్త అయస్కాంతత్వం మిగిలి, కరెంటు లేకపోయినా ఒకటో రెండో ఆంపియర్లు చూపించవచ్చు. ఇన్‌రష్ కొలిచేవాళ్లు పదేపదే పెద్ద పోట్లే ఇస్తారు కాబట్టి ఈ ఇబ్బంది వాళ్లకే ఎక్కువ.

హాల్, సీటీ రెండింటినీ ఒకే క్లాంపులో కలిపిన రకం ఇంకోటుంది. నెమ్మదైన భాగాన్ని హాల్, వేగవంతమైన భాగాన్ని సీటీ చూసుకుంటాయి. హియోకీ 3274లో 150 ఆంపియర్లు, 10 మెగాహెర్ట్జ్. టెక్ట్రానిక్స్ టీసీపీ0030ఏలో 30 ఆంపియర్లు, 120 మెగాహెర్ట్జ్. కొలతలో ఇవి రాజులు, ధరలో కూడా. దవడలో వెంట్రుకంత మురికి ఉన్నా ఇబ్బందే, కింద పడేస్తే ఇంకా ఇబ్బంది. రీసెర్చ్ ల్యాబులో వీటిని తాళం వేసి పెట్టడం చూసి నవ్వుకోనక్కర్లేదు.

రొగోవ్‌స్కీ చుట్ట: సాచురేట్ కానిది, కానీ అన్నీ చూడలేనిది

1912లో రొగోవ్‌స్కీ, స్టైన్‌హౌస్ వివరించిన ఈ చుట్టలో ఇనుము ఉండదు, గాలే కోర్. అందుకని సాచురేషన్ అన్న మాటే లేదు. వేల ఆంపియర్లయినా తట్టుకుంటుంది. పైగా సన్నటి తాడులా వంగుతుంది. బస్‌బార్ చుట్టూ, ఇరుకు ప్యానెల్‌లో, మొసలి దవడ లాంటి క్లాంపు దూరని చోట దీన్ని మించినది లేదు.

చుట్ట నేరుగా చెప్పేది కరెంటు కాదు, కరెంటు మారే వేగం. దాన్ని ఇంటిగ్రేటర్ సర్క్యూట్ మళ్లీ కరెంటుగా మారుస్తుంది. ఇంటిగ్రేటర్‌కి కూడా కింది ఫ్రీక్వెన్సీ హద్దు ఉంటుంది, కాబట్టి డ్రూప్ దీన్నీ వదలదు. ట్రాన్స్‌ఫార్మర్ గుట్టలు కొలిస్తే బేస్‌లైన్ సున్నా కిందికి దిగి, లేని నెగెటివ్ కరెంటు ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక 6000 ఆంపియర్ల రేంజి చుట్టతో 50 ఆంపియర్లు కొలవబోతే నాయిసే ఎక్కువ. మెయిన్ ఇన్‌కమర్ దగ్గర బిల్డింగ్ మొత్తం ఇన్‌రష్ చూడాలంటే ఇది సరైన పనిముట్టు. ఒక్క లైటుకి కాదు.

షంట్ పెడితే చాలదా అనే వాదం

పాతకాలం పవర్ ఎలక్ట్రానిక్స్ వాళ్లలో ఒక వర్గం ఈ క్లాంపులన్నింటినీ అనుమానంగానే చూస్తుంది. "ఓమ్స్ లా అబద్ధం చెప్పదు, ఒక మిల్లీఓమ్ షంట్ పెట్టు, వోల్టేజ్ చూడు." షంట్ అంటే కరెంటు దారిలో పెట్టే అతి చిన్న రెసిస్టర్. వాదంలో బలం ఉంది. షంట్‌కి డీసీ కనిపిస్తుంది, సాచురేషన్ లేదు, డ్రూప్ లేదు, చవక. ఒక మిల్లీఓమ్‌లో 50 ఆంపియర్లు పోతే 50 మిల్లీవోల్టులు, లెక్క నోటితో చెప్పొచ్చు.

అవతలివాళ్ల వాదమూ బలహీనమేం కాదు. షంట్‌కి కొంచెం ఇండక్టెన్స్ ఉంటుంది. అది 10 నానోహెన్రీలే అయినా, కరెంటు మైక్రోసెకనుకి 5 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంటే దాని మీద వచ్చే వోల్టేజ్ 50 మిల్లీవోల్టులు. అసలు సిగ్నల్ ఎంతో తప్పు అంత! ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి: సరిగ్గా పీక్ దగ్గర కరెంటు మారే వేగం సున్నా, అక్కడ ఈ తప్పూ సున్నా. పెరిగే అంచు వంకరగా వస్తుంది, పీక్ విలువ మాత్రం చెడదు. సిగ్నల్ చిన్నగా ఉందని 0.1 ఓమ్ షంట్ పెడితే వేరే గొడవ, ఆ రెసిస్టెన్సే ఇన్‌రష్‌ని తగ్గించేస్తుంది.

నా దృష్టిలో అసలు అభ్యంతరం ప్రాణాల గురించి. మామూలు స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లోపల ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఫేజులో ఉన్న షంట్‌కి దాన్ని తగిలిస్తే నేరుగా షార్ట్. అది తప్పించడానికి స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసి "ఫ్లోట్" చేసే అలవాటు మన ల్యాబుల్లో ఇంకా ఉంది. అప్పుడు స్కోప్ బయటి లోహం మొత్తం ఫేజు వోల్టేజ్‌కి ఎక్కుతుంది. ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు బిందువుల మధ్య వోల్టేజ్ చూసే డిఫరెన్షియల్ ప్రోబ్ ఉంటే షంట్ మంచిదే. లేకపోతే మెయిన్స్ మీద క్లాంపే వాడాలి, ఇందులో రెండో మాట లేదు.

'100 ఆంపియర్లు' అని రాసి ఉంటే ఏ వంద?

ప్రోబ్ మీద కనిపించే పెద్ద అంకె ఆర్ఎంఎస్సా, పీకా అన్నది మొదట చూడాలి. 10 హెచ్‌పీ మోటారు ఉదాహరణే మళ్లీ తీసుకుందాం. స్టార్టింగ్ కరెంటు 90 ఆంపియర్లు కాబట్టి 100 ఆంపియర్ల హాల్ ప్రోబ్ సరిపోతుందనిపిస్తుంది. కానీ 90 ఆర్ఎంఎస్. దాని పీక్ 127. పైగా మొదటి సైకిల్‌లో స్విచ్ పడిన కోణాన్నిబట్టి డీసీ భాగం కలిసి ఒకవైపు పీక్ 200 దగ్గరికి పోవచ్చు. పీక్ హద్దు 100 ఉన్న ప్రోబ్ అక్కడ తల కోసేసినట్టు చదునైన గీత గీస్తుంది. వేవ్‌ఫామ్ పైన చదునుగా ఉంటే మొదట అనుమానించాల్సింది ప్రోబ్‌ని, తర్వాత స్కోప్ స్కేలుని, ఆ తర్వాతే మోటారుని.

దీనికి వ్యతిరేక దిశలో ఒక చిట్కా ప్రచారంలో ఉంది: కరెంటు చిన్నదైతే తీగని దవడలో నాలుగైదు చుట్లు తిప్పు, సిగ్నల్ అన్ని రెట్లవుతుంది. నిజమే. ఐదు చుట్లు తిప్పితే ప్రోబ్ పీక్ హద్దు కూడా ఐదో వంతుకి పడిపోతుంది, ప్రోబ్ సర్క్యూట్‌లో చేర్చే ఇంపీడెన్స్ పెరుగుతుంది. స్టాండ్‌బై కరెంటు కొలిచిన చుట్లనే ఉంచేసి ఇన్‌రష్ కొలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మెగాహెర్ట్జ్‌లు ఎన్ని కావాలి

బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపువాడయినా, ఆన్‌లైన్ అమ్మకందారయినా ముందు చెప్పేది బ్యాండ్‌విడ్త్, అంటే ప్రోబ్ ఎంత పై ఫ్రీక్వెన్సీ దాకా చూడగలదన్నది. కొనేవాళ్లు కూడా అదే అడుగుతారు. మెయిన్స్ ఇన్‌రష్‌కి అది చాలావరకు అనవసరపు టెన్షన్.

0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ప్రోబ్ ఎంత వేగంగా స్పందించగలదో వస్తుంది. 100 కిలోహెర్ట్జ్‌కి అది 3.5 మైక్రోసెకన్లు. ఇప్పుడు మన లైటు పోటు ఎంత వేగంగా లేస్తుంది? లైను ఇండక్టెన్స్ 200 మైక్రోహెన్రీలు, మొత్తం రెసిస్టెన్స్ 6 ఓమ్‌ల చిల్లర అయితే, లేవడానికి 30 మైక్రోసెకన్ల స్థాయి సమయం పడుతుంది. మామూలు హాల్ ప్రోబ్ దాన్ని తీరిగ్గా చూడగలదు. 120 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెడితే అదనంగా కనిపించేది ఒక్కటే: నాయిస్‌ని ఆపే ఈఎంఐ ఫిల్టర్‌లో లైను మీద ఉండే చిన్న ఎక్స్ కెపాసిటర్ నిండేటప్పుడు వచ్చే సన్నటి ముల్లు. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా అన్నదాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. చాలా పవర్ సప్లై స్పెక్‌లు ఆ ముల్లుని ఇన్‌రష్ కిందకి రాదని మొదటే తప్పించేస్తాయి, ఎందుకంటే దానికి ఫ్యూజు వేడెక్కదు, ఎంసీబీ కదలదు. రిలే కాంటాక్టులు అతుక్కుపోతున్నాయని తలపట్టుకున్న డిజైనర్‌కి మాత్రం ఆ ముల్లే నేరస్థుడు కావచ్చు. కాంటాక్టు మూసుకుంటూ ఎగిరి పడే ఆ తొలి మైక్రోసెకన్లలోనే లోహం కరుగుతుంది. అతని దగ్గర మెగాహెర్ట్జ్‌ల మాట సబబు.

ప్రోబ్ మారకపోయినా అంకె మారుతుంది

డేటాషీట్ 60, అపార్ట్‌మెంట్‌లో 50. ఈ తేడాకి ప్రోబ్ కారణం కాదు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరుకి సుమారు 12 మిల్లీఓమ్‌లు. డీబీ (ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి లైటుకి 40 మీటర్లు, రానూపోనూ 80 మీటర్లంటే దాదాపు ఒక ఓమ్. 5.4 కాస్తా 6.4 అయింది. 325ని 6.4తో భాగిస్తే 51. ల్యాబులో వేరియాక్ (వోల్టేజ్ మార్చుకోగల ట్రాన్స్‌ఫార్మర్) ద్వారానో, చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానో కొలిస్తే ఇంకా తగ్గుతుంది. అక్కడ వచ్చిన చిన్న అంకె చూసి డిజైన్ బాగుందనుకుంటే, ప్రోబ్ ఎంత గొప్పదైనా మోసపోయినట్టే.

అదే కారణం వల్ల ఒక లైటు ఇన్‌రష్‌ని లైట్ల సంఖ్యతో గుణించకూడదు. డీబీ దగ్గర లైను రెసిస్టెన్స్ అర ఓమ్, ఒక్కో డ్రైవర్ 5 ఓమ్‌లు, మొత్తం 20 లైట్లు అనుకుందాం. ఒక్కదానికి 59 ఆంపియర్లు కాబట్టి ఇరవైకి 1180 అనిపిస్తుంది. కానీ ఇరవై డ్రైవర్లు పక్కపక్కన కలిస్తే పావు ఓమ్, లైనుతో కలిపి ముప్పావు ఓమ్, వచ్చేది 433. ఇండక్టెన్స్ కలిపితే ఇంకా తక్కువ. సీ10 (సీ రకం, 10 ఆంపియర్ల) ఎంసీబీ వెంటనే పడిపోయే పరిధి రేటింగ్‌కి ఐదు నుంచి పది రెట్లు, అంటే 50 నుంచి 100 ఆంపియర్లు. ఒక మిల్లీసెకను కూడా లేని పోటుకి ఎంసీబీ అంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది, అందుకే తయారీదారులు పీక్‌తోపాటు పోటు వెడల్పుని కూడా అడుగుతారు. 433 దగ్గర మాత్రం ఆ ఊరట చాలకపోవచ్చు.

ఇక మామూలు స్విచ్‌కి పడని ఎంసీబీ, జనరేటర్ మార్పు దగ్గరే ఎందుకు పడుతుంది? ఎన్‌టీసీ థర్మిస్టర్ చల్లగా ఉన్నప్పుడే డ్రైవర్ లోపల 5 ఓమ్‌లు. లైటు నడుస్తున్నంతసేపు థర్మిస్టర్ వేడిగా ఉండి, దాని రెసిస్టెన్స్ ఓమ్‌లో చిన్న భాగానికి పడిపోతుంది. కరెంటు పోయిన కొన్ని సెకన్లలో కెపాసిటర్ ఖాళీ అవుతుంది, థర్మిస్టర్ చల్లబడడానికి నిమిషం పైనే పట్టవచ్చు. ఆ మధ్యలో కరెంటు తిరిగొస్తే అడ్డు చెప్పేవాడు లేడు. పొద్దున పూట చల్లటి లైటు మీద చేసిన కొలత ఎంత శుద్ధంగా ఉన్నా ఈ కేసుకి జవాబు ఇవ్వదు. వేడి మీద ఆపి, ఐదారు సెకన్లకే ఆన్ చేసి కొలవాలి.

స్విచ్ ఏ కోణంలో పడుతుందో చేతిలో లేదు కాబట్టి ఒక్కసారి కొలిచి వదిలేయడం కూడా కుదరదు. వోల్టేజ్ పడి లైట్లు మిణుకుమనడం మీద ఉన్న ఫ్లికర్ స్టాండర్డ్ ఐఈసీ 61000-3-3 చేతితో స్విచ్ చేసే పరీక్షని 24 సార్లు చేయించి, అతి పెద్దదాన్నీ అతి చిన్నదాన్నీ తీసేసి మిగతా 22కి సగటు కడుతుంది. అది వోల్టేజ్ ఎంత పడిందన్న దానికి, కాబట్టి సగటు చాలు. ఎంసీబీ సంగతికొస్తే సగటుతో పని లేదు, అతి పెద్దదే కావాలి. కోణాన్ని ఎంచుకోగల ఏసీ సోర్సు ఉన్న ల్యాబులో 90 డిగ్రీల దగ్గర ఒక్కసారి చేస్తే తేలిపోతుంది. లేనివాళ్లు స్కోప్‌ని సింగిల్ ట్రిగర్‌లో పెట్టి ఓపిగ్గా ఇరవై ముప్పై సార్లు ఆన్ చేయాలి.

చిన్న విషయాలు మూడు. మూడు తీగలున్న కేబుల్ మొత్తాన్ని దవడలో పెడితే వెళ్లేది, వచ్చేది కొట్టేసుకుని సున్నా వస్తుంది, ఒక్క తీగనే పెట్టాలి. స్కోప్ చానెల్‌లో ముందు వాడిన ప్రోబ్ తాలూకు 10ఎక్స్ సెట్టింగ్ మిగిలి ఉంటే 50 ఆంపియర్లు 500 అవుతాయి. 50 ఓమ్‌ల ఇన్‌పుట్‌కి, ఒక మెగాఓమ్‌కి మధ్య తికమక వల్ల కొన్ని సీటీల్లో అంకె సగమైపోతుంది.

డీసీ వైపు వచ్చేసరికి

బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్ల పని పెరిగాక ఇన్‌రష్ అంటే బ్యాటరీ వైపు ప్రశ్నలు కూడా వస్తున్నాయి. 48 వోల్టుల బ్యాటరీ, కంట్రోలర్‌లో 1000 మైక్రోఫారడ్లు, దారిలో 50 మిల్లీఓమ్‌లు అనుకోండి. కెపాసిటర్‌ని ముందే మెల్లగా నింపే ప్రీచార్జ్ రెసిస్టర్ లేకుండా కలిపితే, రెసిస్టెన్స్ లెక్కలో 960 ఆంపియర్లు. కేబుల్ ఇండక్టెన్స్ ఒక మైక్రోహెన్రీ కలిపితే దాదాపు 650, అదీ 35 మైక్రోసెకన్లలోపే. కనెక్టర్ దగ్గర వచ్చే నిప్పురవ్వ ఇదే.

డీసీ కాబట్టి హాల్ ప్రోబే వాడాలి, సీటీ అస్సలు పనికిరాదు అని పుస్తకం పట్టుకుని చెప్పేవాళ్లుంటారు. ఇక్కడ ఆ సూత్రం నిలవదు. సర్క్యూట్ డీసీ అయినా ఈ పోటు చిన్న పల్సే. మొత్తం చార్జ్ 1000 మైక్రోఫారడ్లు గుణించు 48, అంటే 0.048 ఆంపియర్-సెకన్లు. అంత మోయగల సీటీకి, రొగోవ్‌స్కీ చుట్టకి ఇది బ్రహ్మాండంగా కనిపిస్తుంది. 100 ఆంపియర్ల హాల్ ప్రోబ్‌కే ఇది అందదు. ప్రీచార్జ్ పెట్టాక మాత్రం బొమ్మ తిరగబడుతుంది: 50 ఓమ్‌ల రెసిస్టర్‌తో పోటు ఒక ఆంపియర్‌కి దిగి, పదుల మిల్లీసెకన్లు సాగుతుంది, దాని వెనకే కంట్రోలర్ తీసుకునే నిలకడ కరెంటు వచ్చి కలుస్తుంది. అక్కడ రొగోవ్‌స్కీకి నాయిస్ తప్ప ఏమీ దొరకదు, ఆంపియర్‌కి 100 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టిన హాల్ ప్రోబే ఆ రెంటినీ కలిపి చూపిస్తుంది.